దూలం వంగితే తొడుగు ఊడుతుంది

ఊడిన పళ్ళ స్థానంలో, పక్క పళ్ళ ఆసరాతోనో ఇంప్లాంట్ల మీదో కదలకుండా అమర్చే పళ్ళ (బ్రిడ్జిల) గురించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల పాఠకులు రాసిన ఉత్తరాలలో ఐదింటికి ఈసారి సమాధానాలు ఇస్తున్నాను. నమిలేటప్పుడు పడే బరువు ఏ దారిన పోయి ఎముకను చేరుతుందో తెలిస్తే తప్ప ఈ ప్రశ్నలకు జవాబు దొరకదు కనుక, అక్కడక్కడ కొంత లెక్క కూడా రాయవలసి వచ్చింది.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. నా వయసు 52. ఎడమ కింది దవడలో వరసగా మూడు పళ్ళు తీసేశారు. ముందున్న చిన్న దవడ పన్నుకూ, వెనకున్న జ్ఞానదంతానికీ తొడుగులు వేసి, నడుమ మూడు పళ్ళు కలిపి ఐదు పళ్ళ బ్రిడ్జి కట్టారు. మూడేళ్ళలో రెండుసార్లు ముందు వైపు ఊడితే రెండుసార్లూ సిమెంటు పెట్టి అతికించారు. మా చెల్లెలికి ఒక్క పన్ను కోసం కట్టిన బ్రిడ్జి పదకొండేళ్ళుగా చెక్కుచెదరలేదు. నాకు వాడిన సిమెంటు మంచిది కాదా? – ఒక పాఠకురాలు, కావలి.

జవాబు: అమ్మా, సిమెంటును తప్పుపట్టడానికి మీ ఉత్తరంలో నాకు కారణం కనిపించలేదు. మీ చెల్లెలి బ్రిడ్జికీ మీ బ్రిడ్జికీ ఉన్న తేడా అంతా పొడవులో ఉంది. పాత మిద్దె ఇళ్ళలో తాటి దూలాలు వేసిన రోజులు మీకు గుర్తుండే ఉంటాయి. గది వెడల్పు కాస్త పెరిగితే మరింత మందమైన దూలం వెతికేవారు, ఇంకా పెరిగితే నడుమ ఒక స్తంభం నిలిపేవారు. ఆ పని చేసిన వడ్రంగికి చేతి అనుభవంగా తెలిసినదే ఇక్కడి సూత్రం కూడా: అంతే బరువు పడినా, దూలం వంగడం దాని పొడవుకు ఘనం లెక్కన పెరుగుతుంది. ఒక పన్ను ఖాళీ మీద వేసిన బ్రిడ్జి ఒక పాలు వంగుతుందనుకుంటే, రెండు పళ్ళ ఖాళీ మీద వేసినది 8 పాళ్ళు, మూడు పళ్ళ ఖాళీ మీద వేసినది 27 పాళ్ళు వంగుతుంది. మందం విషయంలో ఇదే లెక్క తిరగబడుతుంది. మందం సగమైతే వంగడం 8 రెట్లవుతుంది. అందుకే ఎదుటి దవడ పళ్ళు కిందికి దిగి చోటు తగ్గిన నోట్లో, పొడవైన బ్రిడ్జిని సన్నగా చేయవలసి వస్తే, రెండు నష్టాలు ఒకేసారి మీద పడతాయి.

ఇంత వంగినా లోహం విరగదు, కంటికి కనిపించేంత కదలికా ఉండదు. నష్టమంతా కొసల దగ్గర జరుగుతుంది. నడిమి పళ్ళ మీద ముద్ద నమిలిన ప్రతిసారీ దూలం నడుమ కిందికి ఒంగి, కొసనున్న తొడుగు లోపలి వైపుకు ఒరగబోతుంది, దాని అవతలి అంచు పైకి లేవబోతుంది. పళ్ళకు వాడే సిమెంట్లు నొక్కుడును బాగా ఓర్చుకుంటాయి గాని లాగుడును ఓర్చుకోలేవు. రోజుకు మూడు పూటలా ఈ లాగుడు పడుతూ ఉంటే, రెండు కొసలలో ఏది బలహీనమో అక్కడ సిమెంటు ముందుగా పగులుతుంది. మీ నోట్లో ఆ బలహీనమైన కొస చిన్న దవడ పన్ను. ఆ పన్ను అరగదీసిన తరువాత దాని గోడలు ఎంత ఎత్తున, ఎంత నిటారుగా మిగిలాయన్నది కూడా చూడాలి. పాలకేను మూత నిటారు గోడల మీద జారి బిగుసుకుంటుంది కనుక వంచినా ఊడదు. వాలుగా ఉన్న గిన్నె అంచు మీద పెట్టిన మూకుడు చిన్న తోపుకే లేస్తుంది. ఎదురెదురు గోడల వాలు రెండూ కలిపి 6 డిగ్రీల దగ్గర ఉంచాలని మేము చదువుకుంటాం, చేతిలో అది 10 నుంచి 20 దాకా పోతుంది. ఎత్తు చిన్న పళ్ళకు కనీసం 3, పెద్ద దవడ పళ్ళకు 4 మిల్లీమీటర్లు ఉండాలి. పొట్టి పన్ను, వాలు గోడలు, పొడుగు దూలం ఒకచోట కలిసినప్పుడు ఎంత ఖరీదైన సిమెంటు పెట్టినా అది వాయిదా వేయడమే అవుతుంది.

ఇక వేర్ల సంగతి. లేని పళ్ళ వేర్లకు ఎముకలో ఎంత పట్టు ఉండేదో, ఆసరాగా తీసుకున్న పళ్ళ వేర్లకు కనీసం అంత పట్టు ఉండాలని 1926లో ఆంటే అనే దంతవైద్యుడు చెప్పాడు. వేర్ల ఉపరితలాన్ని కొలిచి 1963లో జెప్సెన్ అనే పరిశోధకుడు ప్రచురించిన సగటు అంకెలను ఇప్పటికీ మేము వాడుకుంటున్నాం. వాటి ప్రకారం కింది దవడలో మొదటి చిన్న దవడ పన్నుకు 180, రెండోదానికి 207, మొదటి పెద్ద దవడ పన్నుకు 431, రెండోదానికి 426 చదరపు మిల్లీమీటర్లు. మీకు లేని మూడింటి మొత్తం 1,064. ఆసరాగా ఉన్న చిన్న పన్నుది 180. జ్ఞానదంతం వేర్లు తరచు పొట్టిగా, ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి. అయినా దానికి రెండో పెద్ద పన్నుతో సమానంగా 426 ఇచ్చి చూసినా మొత్తం 606 దాటదు. మీ చెల్లెలికి లేనిది మొదటి పెద్ద దవడ పన్నే అనుకుంటే, లేనిది 431, ఆసరా 207కు 426 కలిపి 633. ఆ బ్రిడ్జి పదకొండేళ్ళు నిలిచిందంటే అందులో ఆశ్చర్యం లేదు.

ఆంటే సూత్రాన్ని శాసనంలా పట్టుకోవడం సరికాదని కూడా చెప్పాలి. ఎముక బాగా తగ్గిన పళ్ళ మీద సైతం, చిగుళ్ళు ఆరోగ్యంగా ఉంచుకున్న రోగులలో, పొడవైన బ్రిడ్జిలు ఏళ్ళ తరబడి నిలిచాయని స్వీడన్‌లో నైమన్, లిండే వంటి దంతవైద్య పరిశోధకులు చూపించారు. అంటే వేరు చుట్టూ ఉన్న కణజాలం మనం అనుకున్న దానికంటే ఓర్పు గలది. కాని దూలానికి ఆ ఓర్పు లేదు. నా అనుభవంలో పొడవైన బ్రిడ్జి ఆసరా పళ్ళను కదిలించి పాడుచేయడం తక్కువ. ఒక కొస ఊడి, ఆ సందులో పన్ను పుచ్చిపోవడమే ఎక్కువ.

మిమ్మల్ని తొందరపెట్టవలసి వస్తున్నది కూడా అందుకే. ఒక కొస ఊడినా రెండో కొస పట్టుకుని ఉంటే బ్రిడ్జి నోట్లోనే ఉంటుంది, నొప్పి ఉండదు, రోగికి తెలియదు. ప్రాక్టీసు మొదలుపెట్టిన కొత్తలో నేను కూడా ఒక పెద్దావిడకు ఇలాంటి ఐదు పళ్ళ బ్రిడ్జి కట్టాను. తీసి పెట్టుకునే పళ్ళు తనకు వద్దని ఆమె బతిమాలితే కాదనలేకపోయాను. నాలుగేళ్ళకు ఆ బ్రిడ్జి ఊడివచ్చినప్పుడు తొడుగులోపల పన్ను కూడా విరిగి వచ్చింది. ముందే గుర్తించి ఉంటే ఆ పన్ను మిగిలేది. తొడుగు అంచు దగ్గర చిగురు వైపు నుంచి పైకి నొక్కి వదిలినప్పుడు ఉమ్మి బుడగలు వస్తున్నా, ఆ వైపు దుర్వాసనో చేదు రుచో తెలుస్తున్నా, ఆ రోజే చూపించుకోండి.

మూడోసారి అతికించవద్దని నా సలహా. బ్రిడ్జి తీయించి, చిన్న దవడ పన్ను కింద పుచ్చు ఉందేమో చూపించండి. ఎముక ఎత్తు చాలితే, కింది దవడ నరానికి 2 మిల్లీమీటర్ల ఎడం మిగిలేలా రెండు ఇంప్లాంట్లు (ఎముకలో నాటే టైటానియం వేర్లు) వేసి, వాటి మీదనే మూడు పళ్ళు నిలపవచ్చు. అప్పుడు మీ సొంత పళ్ళ మీద ఆ భారం ఉండదు. దీనికి దవడ ఎముకను అన్ని కోణాల నుంచి చూపే సీబీసీటీ అనే ఎక్స్‌రే స్కాన్ తప్పనిసరి. ఎముక చాలకపోతే, లేదా ఖర్చు భరించలేకపోతే, లోహపు చట్రంతో చేసిన తీసి పెట్టుకునే పళ్ళు మీకు మంచివి. వాటిని తక్కువగా చూడవలసిన పని లేదు, ఎందుకంటే అవి బరువులో కొంత చిగురుకు పంచుతాయి.

ప్రశ్న: మాది చేపల పులుసు లేనిదే గడవని ఇల్లు. బ్రిడ్జి కట్టించుకున్నప్పటి నుంచి నడిమి పన్ను కింద ముల్లు, మెతుకు ఇరుక్కుంటున్నాయి. అడుగున ఖాళీ లేకుండా పూర్తిగా మూసేయమని అడగవచ్చా? – ఒక విశ్రాంత ఉద్యోగి, నెల్లూరు.

జవాబు: అడగవద్దు. పూర్తిగా మూసిన అడుగు గుర్రపు జీనులా చిగురు మీద రెండు వైపులా కూర్చుంటుంది, ఆ పల్లంలోకి దారం వెళ్ళదు, చిగురు వాచి రక్తం కారుతుంది. నడిమి పన్ను అడుగు ఉబ్బెత్తుగా, నున్నగా ఉండి, బయటి వైపు చిగురును ఒత్తకుండా తాకితే చాలు. కింది దవడలో వెనక, నవ్వినా కనిపించని చోట, చిగురుకు 3 మిల్లీమీటర్ల పైన పూర్తిగా ఎత్తి ఉంచడం కూడా ఒక పద్ధతి. కొద్దిరోజులు నాలుకకు వింతగా ఉన్నా శుభ్రం చేసుకోవడం తేలిక. బ్రిడ్జి కింద దూర్చడానికి ఒక కొస గట్టిగా ఉండే దారం, సన్నని బ్రష్షు మందుల దుకాణాలలో దొరుకుతాయి. రాత్రి పడుకునే ముందు ఒకసారి వాడండి.

ప్రశ్న: నేను ఇరవై ఏళ్ళుగా గ్రానైటు క్వారీలో పని చేస్తున్నాను. జిర్కోనియా అంటే రాయిలాంటిది, విరగదు అని చెప్పి మూడు పళ్ళ బ్రిడ్జి కట్టారు. రెండేళ్ళకు రెండు పళ్ళ మధ్య అతుకు దగ్గర విరిగింది. గట్టిది ఏదో కొరికారని అంటున్నారు. నాకు గుర్తున్నంతవరకు అప్పుడు నేను తింటున్నది ఉప్మా. – ఒక పాఠకుడు, చీమకుర్తి.

జవాబు: మీరు చెప్పినది నేను నమ్ముతున్నాను, ఎందుకు నమ్ముతున్నానో మీకంటే బాగా అర్థం చేసుకోగలవారు ఉండరు. మీరు తీసే రాయి మీద మిద్దె కట్టినా ఓర్చుకుంటుంది. అదే రాయిని పలకగా కోసి, మురుగుకాలువ మీద రెండు గట్లకు ఆనించి పెడితే, నడుమ లారీ చక్రం పడిన రోజు విరుగుతుంది. ఆ పగులు చక్రం తగిలిన పైముఖంలో మొదలుకాదు. పలక వంగినప్పుడు అడుగు ముఖం సాగుతుంది, రాయికి సాగే గుణం లేదు, అందుకే పగులు అడుగు నుంచి పైకి పాకుతుంది. జిర్కోనియా కూడా ఒక రకం పింగాణీయే, నొక్కుడుకు గట్టి, సాగుడుకు బలహీనం. మీ బ్రిడ్జిలో అన్నిటికంటే సన్నని చోటు రెండు పళ్ళ మధ్య అతుకు. అందులోనూ చిగురు వైపు ముఖమే సాగేది. మగవారు వెనక పళ్ళతో గట్టిగా కొరికితే 50 నుంచి 70 కిలోల బరువు పడుతుంది. అంత బరువు ఒకేసారి పడి విరగడం అరుదు. చిన్న చిన్న బరువులే లక్షలసార్లు పడి, తడిలో, ఉన్న సన్నని పగులును కొద్దికొద్దిగా పొడిగిస్తాయి. చివరికి మిగిలిన ఆ కాస్తా ఉప్మా తిన్న రోజున తెగింది, అంతే.

అందువల్ల అడగవలసిన ప్రశ్న, అతుకు ఎంత పరిమాణంలో ఉందన్నది. వెనక పళ్ళలో మూడు పళ్ళ జిర్కోనియా బ్రిడ్జికి అతుకు అడ్డుకోత 9 చదరపు మిల్లీమీటర్లకు తగ్గకూడదని సాధారణంగా చెబుతారు. లిథియం డైసిలికేట్ అనే గాజు పింగాణీకి ఇది 16 కావాలి, అయినా దాన్ని పెద్ద దవడ పళ్ళ ఖాళీకి వాడరు. పరిమాణం ఒకటే అయినా ఆకారం వేరైతే బలం మారుతుంది. పలకను పడుకోబెట్టి బరువు పెడితే వంగుతుంది, అంచు మీద నిలబెడితే వంగదు. అతుకు ఎత్తును 3 నుంచి 4 మిల్లీమీటర్లకు పెంచితే వంగకుండా నిలిచే గుణం సుమారు 2.4 రెట్లవుతుంది, వెడల్పును అంతే పెంచితే 1.3 రెట్లే. పళ్ళు పొట్టిగా అరిగిపోయిన వారిలో ఆ ఎత్తు దొరకదు. అప్పుడు చిగురును కొద్దిగా దించి పన్ను ఎత్తు పెంచాలి, లేదా లోహం వాడాలి. లోహం సాగగలదు కనుక దానికి 2.5 మిల్లీమీటర్ల చొప్పున ఎత్తు, వెడల్పు ఉంటే సరిపోతుంది.

మరో రెండు విషయాలు అడిగి తెలుసుకోండి. జిర్కోనియాలో చాలా రకాలు ఉన్నాయి. తెల్లగా, గట్టిగా, కాంతిని ఎక్కువగా అడ్డుకునే పాత రకం వంపుకు 900 మెగాపాస్కల్స్ (పదార్థం బలాన్ని చెప్పే కొలత) పైన ఓర్చుకుంటే, నిజం పన్నులా కాంతిని వదిలే కొత్త రకాలలో కొన్ని అందులో సగం చుట్టుపక్కల మాత్రమే ఓర్చుకుంటాయి. రెండింటినీ ఒకే పేరుతో అమ్ముతారు. ఇక రెండోది, బట్టీలో కాల్చిన తరువాత ఆ అతుకు అడుగును వజ్రపు చక్రంతో ఎవరైనా చెక్కారా అన్నది. పళ్ళు విడివిడిగా కనిపించాలని ల్యాబ్‌లో అలా లోతుగా గీస్తే, రాయి పగలగొట్టడానికి మీరు ముందుగా వేసే గాటు వంటిదే అక్కడ పడుతుంది. విరిగిన ముక్కలు పారేయకండి. విరిగిన ముఖాన్ని పెద్దది చేసి చూస్తే పగులు ఎక్కడ మొదలైందో తెలుస్తుంది, కొత్త బ్రిడ్జి చేసే ల్యాబ్‌కు అంతకంటే ఉపయోగపడే సమాచారం మరొకటి లేదు.

ప్రశ్న: రెండు ఇంప్లాంట్ల ఖర్చు నేను పెట్టలేను. ఒక వైపు ఇంప్లాంట్, ఇంకో వైపు నా సొంత పన్ను ఆసరాగా చేసి బ్రిడ్జి కట్టవచ్చా? – ఒక రైతు, ఒంగోలు మండలం.

జవాబు: బండలాగుడు పోటీకి మీరు ఎద్దులను జత చేసేటప్పుడు అడుగు కలుస్తుందా అని చూస్తారు. ఒకటి ముందడుగు వేసి రెండోది ఆగితే కాడి పక్కకు తిరిగి, బరువంతా ఒక మెడ మీదే పడుతుంది. సొంత పన్నుకూ ఎముకకూ మధ్య సుమారు 0.2 మిల్లీమీటర్ల మందాన ఒక నార పొర ఉంది. కొరికినప్పుడు పన్ను ఆ పొరలో నిలువునా 25 నుంచి 100 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాకా దిగి మళ్ళీ లేస్తుంది. ఇంప్లాంట్‌కు ఆ పొర లేదు. టైటానియం నేరుగా ఎముకతో అతుక్కుంటుందని స్వీడన్ శాస్త్రవేత్త బ్రోనెమార్క్ గుర్తించి, 1965లో మొదటిసారి మనిషికి అమర్చిన నాటి నుంచి దాని బలమంతా ఆ అతుకులోనే ఉంది. అది 3 నుంచి 5 మైక్రాన్లకు మించి దిగదు. ఈ రెండింటినీ ఒకే దూలానికి కడితే, పన్ను దిగినప్పుడల్లా ఇంప్లాంట్ ఒంటరిగా మోస్తుంది, స్క్రూలు వదులవుతాయి. కొందరిలో సొంత పన్ను తొడుగును విడిచి నెమ్మదిగా ఎముకలోకి దిగిపోవడం కూడా చూశారు.

అస్సలు చేయరని అనలేను. పన్ను కదలకుండా గట్టిగా ఉండి, ఖాళీ చిన్నదై, మధ్యలో కీలు పెట్టకుండా బిగుతుగా కలిపితే కొన్ని ఏళ్ళు పనిచేసినవి ఉన్నాయి. కాని మీరు ఆ పన్ను ఇప్పటికే కొద్దిగా కదులుతోందని ఉత్తరం చివర రాశారు. అటువంటి పన్నుతో జత కట్టవద్దు. ఖాళీ ఒక్క పన్నుదే అయితే ఒక ఇంప్లాంట్, దాని మీద ఒక తొడుగు చాలు, అసలు బ్రిడ్జే అక్కరలేదు. రెండు పళ్ళదైతే పంట డబ్బు చేతికొచ్చే దాకా ఆగడం, ఇప్పుడు తప్పుగా కట్టి రెండేళ్ళకు తీయడం కన్నా తక్కువ ఖర్చు.

ప్రశ్న: మా అమ్మాయికి 19 ఏళ్ళు. పై వరసలో నడిమి పన్ను పక్కనుండే చిన్న పన్ను పుట్టుకతోనే లేదు. పక్క పళ్ళను అరగదీయకుండా, వెనక రెక్కతో ఒకే పన్నుకు అతికిస్తామంటున్నారు. రెండు వైపులా అతికిస్తే గట్టిగా ఉండదా? మా ఊరి బోరు నీళ్ళ వల్ల దాని పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు ఉన్నాయి, అది ఇబ్బందా? – ఒక తల్లి, ఉదయగిరి ప్రాంతం.

జవాబు: మీకు సలహా ఇచ్చినవారు సరిగ్గానే చెప్పారు. పక్క పన్ను వెనక జిగురుతో అంటించే పల్చని రెక్క మీద నిలిచే ఈ రెక్క బ్రిడ్జిలు 1970లలో వచ్చినప్పుడు రెండు వైపులా రెక్కలు ఉండేవి. కొరికినప్పుడు నడిమి పన్ను ఒక దిశలో, కోరపన్ను మరొక దిశలో కదలడం వల్ల ఒక రెక్క ఊడేది. ఒకటి ఊడి మరొకటి నిలిస్తే, కావలి పాఠకురాలికి చెప్పిన ప్రమాదమే, ఊడిన రెక్క వెనక పన్ను పుచ్చడం. ఒకే రెక్క ఉంటే అమర్చిన పన్ను తన ఆసరా పన్నుతో పాటే కదులుతుంది, వాటి మధ్య పెనుగులాట లేదు. ఊడితే పూర్తిగా ఊడి చేతికి వస్తుంది. ఒకే వైపు ఆసరాతో వేలాడే పన్నును వెనక దవడలో నేను సాధారణంగా కట్టను, నమిలే బరువుకు అది మీటలా పనిచేసి ఆసరా పన్నును పెకిలిస్తుంది. ముందు వరసలో ఈ చిన్న పన్ను మీద పడే బరువు తక్కువ, కోరపన్ను వేరు పొడవైనది, కనుక అక్కడ చెల్లుతుంది. కింది పళ్ళు పై పళ్ళ వెనక లోతుగా మూసుకుపోయే కొరుకుడు అయితే మాత్రం రెక్కకు చోటు ఉండదు. అది అచ్చులు తీసి చూడాలి.

మచ్చల సంగతి ముఖ్యమైనది, మీరు అడగడం మంచిదైంది. ఉదయగిరి, కనిగిరి వైపు మెట్ట గ్రామాలలో భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఎక్కువన్నది అందరికీ తెలిసిందే. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీరు దొరకని చోట 1.5 వరకు ఓర్చుకోవచ్చని భారత ప్రమాణాలు చెబుతున్నాయి. ఫ్లోరైడు పట్టిన పన్ను పైపొర (ఎనామిల్) పైభాగం ఆమ్లానికి సులువుగా లొంగదు. రెక్కను అంటించే జిగురుకు ఆ ఆమ్లం చేసే సన్నని గరుకుతనమే పట్టు కనుక, మామూలు పద్ధతిలో అంటిస్తే మీ అమ్మాయికి త్వరగా ఊడవచ్చు. పైపొరను అతి పల్చగా గీకి, ఆమ్లాన్ని మామూలు కంటే ఎక్కువ సేపు ఉంచి, అప్పుడు అంటించాలి. గోధుమరంగు మచ్చలతో పాటు గుంటలు కూడా ఉంటే పట్టు మరింత అనుమానం; అప్పుడు కోరపన్నునూ, నడిమి పన్నునూ పక్కపక్కన పరీక్షించి, మచ్చ తక్కువ ఉన్నదానికి రెక్క వేయడం మేలు. లోహపు రెక్క కనీసం 0.7 మిల్లీమీటర్ల మందం లేకపోతే అది వంగి జిగురును చీల్చుతుంది కనుక, ఆ మందానికి చోటు ఉందో లేదో ముందే అడగండి.

ఇంప్లాంట్ తొందర ఇప్పుడు వద్దు. 19 ఏళ్ళకు దవడ ఎదుగుదల ఇంకా మిగిలి ఉండవచ్చు, పక్క పళ్ళు కొద్దిగా దిగుతాయి, ఇంప్లాంట్ ఉన్నచోటే ఉండి పొట్టిగా కనిపిస్తుంది. రెక్క బ్రిడ్జి ఊడినా పక్క పళ్ళు చెక్కకుండా అలాగే ఉంటాయి, శుభ్రం చేసి మళ్ళీ అంటించవచ్చు. అమ్మాయి దాన్ని ఒక డబ్బాలో పెట్టుకుని అదే వారంలో వస్తే చాలు.